రెండోసారి చెరిగించిన పైడి

పిల్లలూ, ఒక విద్యాలయం గొప్పదని దేన్నిబట్టి చెబుతారు? చేర్చుకున్నవాళ్ళను బట్టా, తిప్పిపంపినవాళ్ళను బట్టా? ఆలోచిస్తూ వినండి.

పూర్వం ఒక రాజుగారి విద్యాలయం ఉండేది. జనం పన్నులతోనే నడిచేది, అయినా వెయ్యిమంది వస్తే నలభైమందికే చోటు. జన్మలో ఒక్కసారే పరీక్షకు రానిచ్చేవారు. వడ్లు నూర్చే కళ్ళంలో కూలి చేసుకుంటూ చదువుకున్న పైడి అనే పిల్ల ఆ పరీక్ష తప్పింది.

ఫలితాలు చదివిన రోజు రాజుగారు వచ్చారు. ప్రధానాచార్యులు సోమయాజులుగారు మీసం దువ్వుకుని, "ప్రభూ, తొమ్మిదివందల అరవైమందిని తాలులా ఎగరగొట్టాను!" అన్నారు. తాలంటే తెలుసుగా, లోపల బియ్యం లేని ఉత్త గింజ.

గుంపులోంచి పైడి అడిగింది. "అయ్యా, ఆ తాలులో మంచి గింజలెన్ని దొరికాయండీ?"

"తాలులో గింజలేమిటే, పిచ్చిదానా! దాన్నెవరు చూస్తారు?"

"మేం చూస్తామండి. గాలి జోరుగా ఉంటే మంచి గింజ కూడా ఎగిరి తాలులో పడిపోద్ది. అందుకే తాలును మళ్ళీ చేటకెత్తి చెరుగుతాం. చూడకుండా పారబోస్తే పొలం కామందు ఊరుకోడండి."

ఆ విద్యాలయానికి కామందు రాజుగారే కదా! ఆయన సోమయాజులుగారి వైపు తిరిగి, "ఆచార్యా, మళ్ళీ చెరగండి" అన్నారు.

తప్పినవాళ్ళకు పెట్టిన రెండో పరీక్షలో పన్నెండుమంది నెగ్గారు. పైడి పేరు సోమయాజులుగారే చదివారు, కాస్త మెల్లగా. మరుసటి ఏడు నుంచి ఆయన ఎంతమందిని పంపేశారో చెప్పడం మానేసి, ఎంతమందిని వెనక్కి పిలిచారో చెప్పేవారు.

సరే, లేవండి. సగం ఉతికిన దుప్పట్లు బకెట్లో నానుతున్నాయి, వెళ్ళి జాడించి ఆరేసి వస్తాను.