బానెట్ మీద చెయ్యి

తిప్పేస్వామి ఆ బండిని మూడుసార్లు చూసి, కొనాలని నిశ్చయించుకున్నాడు. నాలుగోసారి గురువుగారిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అడగడానికి కాదు, ఔననిపించుకోవడానికి.

అది మామూలు బండి కాదు. బెంగళూరు ఆసామి ఒకాయన పాత డీజిల్ మినీ బస్సులో సీట్లు పీకించి, ఇద్దరికి సరిపడా మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, కిటికీలకు దోమతెరలు పెట్టించి ఇల్లుగా మార్చుకున్నాడు. నాలుగేళ్ళు దేశమంతా తిరిగి, మోజు తీరాక అమ్మేశాడు. ఇప్పుడది అనంతపురం దాటాక హైవే పక్కన, వన్నూరప్ప పాతబండ్ల యార్డులో నిలబడి ఉంది. మీటరు నాలుగు లక్షల అరవై వేల కిలోమీటర్లు చూపిస్తోంది.

తిప్పేస్వామిది తేనెటీగల పని. ఎక్కడ పూత ఉంటే అక్కడికి పెట్టెలు లారీకెత్తించి తీసుకుపోవాలి. పొద్దుతిరుగుడు అయిపోతే ధనియాలు, ధనియాలు అయిపోతే నువ్వు చేలు. అక్కడ నెలల తరబడి చేనిగట్టున టార్పాలిన్ గుడారమే ఇల్లు. ఆయన భార్య గంగరత్న పదకొండేళ్ళుగా ఆ గుడారాల్లోనే పడుకుంటోంది. పోయిన వానల్లో గుడారంలోకి నీళ్ళొచ్చి, ఆమె ఊపిరితిత్తులకు నెమ్ము చేరి, పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి తెచ్చిన రోజు తిప్పేస్వామి మాటిచ్చాడు, వచ్చే పూతకు నిన్ను నేల మీద పడుకోనివ్వనని.

ఆ పూత ఇంకో ఇరవై రోజుల్లో ఉంది. చేతిలో ఉన్నదంతా ఈ బండికి సరిగ్గా సరిపోతుంది. కొన్నాక దారిలో ఇంజన్ మొండికేస్తే పెట్టెల లారీకి బాడుగ కూడా మిగలదు. పూత రాలిపోయిన చేలో పెట్టెలు ఉండిపోతే ఈగలు ఆకలితో చస్తాయి.

గురువు పేరు హుసేన్ పీరా. అందరూ ఉస్తాద్ అంటారు. ముప్పై ఏళ్ళు డీజిల్ షెడ్డు నడిపి, ఇప్పుడు దారిన పోయే ఫకీర్లు దిగే చిన్న తకియాలో ఉంటున్నాడు. ఇంజన్ చెడినవాళ్ళూ, మనసు చెడినవాళ్ళూ ఆయన దగ్గరికే వస్తారు. తిప్పేస్వామి పద్దెనిమిదో ఏట ఆయన షెడ్డులో చేరి ఆరేళ్ళు ఇంజన్ పని నేర్చుకున్నాడు. గురువారం గురువారం ఆయన పక్కన కూర్చుని ఊరకుండటం కూడా నేర్చుకోబోయాడు. మొదటిది బాగానే వచ్చింది.

ఆ సాయంత్రం గంగరత్నతో కలిసి ముగ్గురూ ఆటోలో బయల్దేరారు. ఉస్తాద్ బరువైన గుడ్డసంచి ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అందులో నమాజుకు పరుచుకునే జానిమాజా, చద్ది ఉంటాయనుకున్నాడు తిప్పేస్వామి.

"మనం వస్తున్నట్టు వానికి చెప్పినావా?" అన్నాడు ఉస్తాద్.

"ఫోన్ చేసినా ఉస్తాద్. చెప్పకుండా పోతే ఏం మర్యాద?"

"ఎప్పుడూ చెప్పే పోతావా?"

"మూడుసార్లూ చెప్పే పోయినా."

ఉస్తాద్ రోడ్డు పక్కన గొర్రెలను చూస్తూ కూర్చున్నాడు.

యార్డులో వన్నూరప్ప నవ్వుతూ ఎదురొచ్చాడు. బండెక్కి తాళం సగం తిప్పాడో లేదో ఇంజన్ అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. తిప్పేస్వామి మొహం వెలిగిపోయింది.

"విన్నారా ఉస్తాద్, వెన్న మాదిరి ఉంది. కింద దూరి చూసినా, తుప్పు లేదు. పెడల్ రబ్బర్లు కూడా మీటరుకు తగ్గట్టే అరిగినాయి, మీటరు తిప్పిన బండి కాదు. ఇన్ని లక్షలు తిరిగినా ఇట్లుండే బండి మళ్ళీ దొరకదు. ఊరికే చెప్పడంలా, మీ దగ్గర నేర్చిన కన్ను ఇది."

ఉస్తాద్ ఇంజన్ ఆపమని సైగ చేశాడు. దగ్గరికి వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు.

"వేడిగా ఉంది" అన్నాడు.

తర్వాత అదే చెయ్యి తెచ్చి తిప్పేస్వామి గుండె మీద పెట్టాడు.

"ఇదీ వేడిగానే ఉంది."

తాళం తీసి జుబ్బా జేబులో వేసుకుని, పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. "రెండూ చల్లారనీ. పొద్దున చూద్దాం."

తిప్పేస్వామి షెడ్డులో చేరిన మొదటి రోజు నేర్చుకున్న పాఠం అది. పాత డీజిల్ బండి చూడబోతే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే ఊరకే కూర్చో. కొనేవాడు వస్తున్నాడంటే ముందు అరగంట ఇంజన్ నడిపి పెట్టడం పాతబండ్లవాళ్ళకు ఉదయం పూజ లాంటిది. వేడెక్కిన ఇంజన్ ఎంత ముసలిదైనా పిలవగానే పలుకుతుంది. ఈ సంగతి తిప్పేస్వామి స్వయంగా పదిమందికి చెప్పి ఉంటాడు. అలా చెప్పినవాడే నాలుగుసార్లూ ఫోన్ చేసి మరీ వచ్చాడు.

వన్నూరప్ప తల గోక్కున్నాడు. "రాత్రికి బండిలోనే పండుకోండి అప్పా, నాదేం పోయింది" అన్నాడు. ఇంకేమంటాడు.

గంగరత్నను మంచం మీద పడుకోమని, మగవాళ్ళిద్దరూ వన్నూరప్ప రేకుల షెడ్డులో చాపలు పరుచుకున్నారు.

తెల్లవారేసరికి బండి అద్దాల మీద మంచు పట్టి ఉంది. ఉస్తాద్ చాప మీదే నమాజు ముగించుకుని వచ్చి, తాళం తీసి గంగరత్నకు ఇచ్చాడు.

"నువ్వు తిప్పమ్మా."

"నాకు బండి రాదు సామీ."

"నడపద్దులే. తాళం తిప్పితే చాలు. ఇంటి తాళమే అనుకో."

ఆమె తిప్పింది. ఇంజన్ మూలిగి ఊరుకుంది. రెండోసారి దగ్గింది. మూడోసారి ఒళ్ళంతా ఊగి ఆగిపోయింది. నాలుగోసారికి అందుకుంది గానీ, యార్డంతా తెల్లగా, నీలంగా పొగ కమ్ముకుంది. వన్నూరప్ప కుక్క గేటు అవతలికి పారిపోయింది.

ఉస్తాద్ ఆయిల్ మూత విప్పి, ఆ రంధ్రం మీదే బోర్లా పెట్టాడు. ఎసరు మీది మూతలా అది గలగలా ఎగిరింది. పిస్టన్ రింగులు అరిగి లోపలి గాలి పైకి తన్నుతోందని తెలియడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"చలికాలం కదప్పా" అన్నాడు వన్నూరప్ప, ఎటో చూస్తూ.

తిప్పేస్వామికి సిగ్గేసింది. కోపం వన్నూరప్ప మీద కాదు, తన మీదే. ఆరేళ్ళ చదువు ఒక్క దోమతెర చూసి మరచిపోయాడు. ఇంజన్ ఆపించి ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

"ఏం చేయమంటారు ఉస్తాద్?"

"నిన్న చెప్పినావు. ఈ పొద్దు అడుగుతున్నావు" అన్నాడు ఉస్తాద్. వెళ్ళి మళ్ళీ ఆ టైరు మీద కూర్చున్నాడు.

తిప్పేస్వామి బండి వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది. లోపల గంగరత్న పడక సర్దుతోంది.

పదకొండేళ్ళలో ఆమె ఒక్క పొద్దు కూడా దుప్పటి దులపకుండా మడవలేదు. చెప్పులు తలకిందులుగా నేలకేసి కొట్టకుండా తొడుక్కోలేదు. గుడారంలో తేళ్ళు ఉంటాయి. ఒకసారి తేలు కుట్టింది కూడా. ఇప్పుడామె దుప్పటిని నాలుగు మడతలు వేసి దిండు మీద పెట్టింది. చెప్పుల్లో నేరుగా కాళ్ళు దూర్చి మెట్టు దిగింది. అలవాటు మరిచానని ఆమెకే తెలియదు.

తిప్పేస్వామి అదంతా చూశాడు. తర్వాత వన్నూరప్ప దగ్గరికి వెళ్ళాడు.

"ధర చెప్పప్పా. నిన్న చూసిన బండికి కాదు, ఈ పొద్దు చూసిన బండికి."

"ఇంత పొగ చూసి కూడా కొంటావా?"

"రింగులు, లైనర్లు వేయాల్సిన బండికి ఎంతో చెప్పు. అంతకు కొంటా. నిన్నటి ధరంటే ఇట్లే ఎళ్ళిపోతా."

వన్నూరప్ప అటూ ఇటూ చూశాడు. ఉస్తాద్ ఇంకా టైరు మీదే కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడుండగా చలికాలం మాట రెండోసారి ఎత్తడం కుదరదు. లెక్క వేసుకుని, ధర బాగానే దించాడు. ఇంజన్ పనికీ, లారీ బాడుగకూ సరిపోయేంత మిగిలింది.

తిప్పేస్వామి గురువు ముందుకు వచ్చాడు. తన అరచేతిని తన గుండె మీదే పెట్టుకుని, నిన్న ఆయన బానెట్ మీద ఉంచినంతసేపూ ఉంచాడు.

"చల్లగానే ఉంది ఉస్తాద్" అన్నాడు. "అయినా కావాలి."

ఉస్తాద్ ఆ గుడ్డసంచిని కాలితో ముందుకు నెట్టాడు. తిప్పేస్వామి సంచి మూతి విప్పి చూశాడు. జానిమాజా లేదు, చద్ది లేదు. షెడ్డు నాటి పానాలు, నూనె రాసి, గుడ్డలో చుట్టి, సైజుల వారీగా ఉన్నాయి.

తిప్పేస్వామి పెద్ద పానా అందుకుని బండి వైపు రెండడుగులు వేశాడు.

"కూర్చో" అన్నాడు ఉస్తాద్. "ఇప్పుడే కదా ఆపినావు. చల్లారినాక ఇంజన్ హెడ్డు దించుదాం."