మూడో సంత నాటి నేరేడు పళ్లు

అనగనగా నేరేడు చెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఆమె పని పిల్లల్ని చూసుకోవడం. కొండముచ్చు చింతామణి రోజూ పొద్దున్నే పళ్ల కోసం చిటారు కొమ్మలకు వెళ్తూ, తన కవల పిల్లలు పండునీ కాయనీ సూదమ్మకు అప్పజెప్పేది.

ముళ్లపంది దగ్గర పిల్లలా, గుచ్చుకోవూ అంటారేమో. గుచ్చుకోవు. పిల్లలు దగ్గరున్నంతసేపూ సూదమ్మ తన ముళ్లన్నీ వీపుకు అంటుకునేలా అణిచి పెట్టుకునేది. పండు మీదెక్కి దూకినా, కాయ ఒక్కో ముల్లూ పట్టి లాగినా ఒక్కటి కూడా లేచేది కాదు. రోజంతా అలా బిగబట్టి ఉండడం తేలికేం కాదు. సాయంత్రానికి నడుము పట్టేసేది.

ఈ పనికి జీతం ముందే మాట్లాడుకున్నారు. వారానికొకసారి సంత. ప్రతి సంతరోజు సాయంత్రం ఒక దొప్పెడు నేరేడు పళ్లు.

ఆ ఏడు ఆ పళ్లు సూదమ్మకు తినడానికి కాదు. ఆమె బొరియ వాగు గట్టున ఉంది. నిరుడు తొలకరికి వాగు పొంగి బొరియలోకి వచ్చింది. ఇద్దరు పిల్లల్లో ఒక్కదాన్నే నోట కరుచుకుని బయటపడగలిగింది. ఆ మిగిలిన బిడ్డ పేరు మొలక. ఈసారి వానలు పడకముందే మొలకను మెరక మీదికి చేర్చాలి. కొండ మీద ఎలుగు మామ గుహలో ఒక గది ఖాళీగా ఉందని తెలిసి వెళ్లి అడిగింది.

"మూడు దొప్పల నేరేడు పళ్లు," అన్నాడు ఎలుగు మామ. "వారానికొకటి తెచ్చిచ్చినా సరే. మూడో సంతనాడు పొద్దు గుంకేసరికి మూడూ ముట్టాలి. లేదంటే పునుగుపిల్లికి ఇచ్చేస్తాను. అది ఇప్పటికే రెండుసార్లు అడిగిపోయింది."

మూడు సంతలు, మూడు దొప్పలు. సరిగ్గా సరిపోతాయని సూదమ్మ ధైర్యంగా ఇంటికి వచ్చింది.

మొదటి సంత వచ్చింది. చింతామణి దొప్ప నిండా పళ్లు తెచ్చింది. సూదమ్మ గుహ సంగతి, మూడు దొప్పల గడువు సంగతి చెప్పి చెయ్యి చాపింది. చింతామణి మాత్రం ఆ దొప్పను చెట్టు తొర్రలో పెట్టి ఆకులు కప్పింది.

"వారం వారం ఇస్తే చిల్లరగా పోతుంది సూదమ్మా. నీ వాటా నేను దాచిపెడతాను. మూడూ కలిపి ఒకేసారి ఇస్తే నీ కంటికి నిండుగా కనబడుతుంది."

"నేరేడు పండు రెండు రోజులు ఆగదమ్మా."

"ఆకులు కప్పానుగా. నాకంటే నీకు ఎక్కువ తెలుసా ఏమిటి పళ్ల సంగతి?"

చిటారు కొమ్మలు ఎక్కేది తను కాదు కదా అనుకుని సూదమ్మ ఊరుకుంది.

రెండో సంతనాడు సూదమ్మ ముందే కదిపింది. "అమ్మా, ఈవారం దొప్ప నా చేతికే ఇవ్వండి. గుహలో గదికి కట్టాలి."

"అప్పుడే సంతా?" అని చింతామణి నవ్వింది. "మొన్ననే కదా అయింది. నీకీ మధ్య మతిమరుపు ఎక్కువైంది. ఇంకో రెండు రోజులుంది పో."

సూదమ్మ తనలో తాను లెక్క వేసుకుంది. నిజమేనేమో. ఈమధ్య కొన్ని గుర్తుండడం లేదు. రోజులు తప్పు లెక్కపెడుతుంటే మూడో సంత కూడా తెలియకుండానే దాటిపోతుందేమో. దారి పొడవునా వేళ్లు మడుస్తూ, మళ్లీ విప్పుతూ నడిచింది. ఎదురుగా మూటతో కుందేలు వస్తోంది.

"ఇవాళ సంతేనా నాయనా?"

"కాకపోతే ఈ ముల్లంగి దుంపలు ఆకాశంలోంచి పడ్డాయనుకున్నావా అత్తా?"

సూదమ్మ గబగబా వెనక్కి వెళ్లింది. అప్పటికే చింతామణి పిల్లల్ని పొదువుకుని పైకొమ్మ మీద పడుకుంది. ముళ్లపంది చెట్టెక్కలేదు. మర్నాడు అడిగితే, మూడూ కలిపే ఇస్తానంటూ రెండో దొప్పను కూడా తొర్రలోనే పెట్టింది చింతామణి.

మూడో సంత నాటికి గాలి మారింది. వాగు అవతల మబ్బు నల్లగా లేచింది. ఆ మధ్యాహ్నం పునుగుపిల్లి మూడు దొప్పలు మోసుకుంటూ కొండ వైపు వెళ్లడం సూదమ్మ కళ్లారా చూసింది. పిల్లల్ని ఆడిస్తోంది కానీ చూపంతా పొద్దు మీదే ఉంది.

పొద్దు చెట్ల తలల దాకా దిగాక చింతామణి తీరిగ్గా వచ్చింది. చేతిలో తాజా పళ్ల దొప్ప ఉంది.

"ఇవాళ నీకు పండగే సూదమ్మా. చూడు ఎంత మూట అవుతుందో," అంటూ తొర్రలో ఆకులు తీసింది.

పులిసిన వాసన గుప్పున కొట్టింది. మొదటి దొప్ప బూజు పట్టి ముద్దయింది. రెండో దొప్పలో పురుగులు మెదులుతున్నాయి.

చింతామణి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పోనీలే. రేపు పొద్దున్నే రెండు దొప్పలు కోసిస్తాను. ఒక్కరోజులో కొంపలేం మునగవు."

"నాది మునుగుతుందమ్మా," అంది సూదమ్మ. గొంతు పెంచలేదు. "నేను రోజూ ఏ వేళకి వచ్చాను?"

"తెల్లవారేసరికి."

"ఒక్కరోజైనా, ఇవాళ కాదు రేపు వస్తానన్నానా? పండు నా వీపెక్కినప్పుడు, దిగు నాయనా, ముళ్లు రేపు అణుచుకుంటాను అన్నానా?"

చింతామణి చేతిలోని తాజా దొప్పను సూదమ్మ ముందు పెట్టింది. "ఉండు, ఇప్పుడే కోసుకొస్తాను," అని చెట్టు మీదికి ఎగబాకింది. పొద్దు ఆగేలా లేదు. సూదమ్మ ఉన్న ఒక్క దొప్పనూ తీసుకుంది. బొరియలోంచి మొలకను లేపి కొండ దారి పట్టింది.

గుహ ముందు పునుగుపిల్లి మూడు దొప్పలూ వరుసగా పెట్టుకుని కూర్చుంది. సూదమ్మ పైకి చేరేసరికి పొద్దు గుంకింది.

"నీకోసం చివరిదాకా ఆగాను సూదమ్మా," అన్నాడు ఎలుగు మామ. "ఒక్క దొప్పకి లోపల గది రాదు. గుమ్మం పక్కన బిడ్డ పట్టేంత సందుంది. తీసుకుంటావా?"

సూదమ్మ మొలకను ఆ సందులో కూర్చోబెట్టింది. జల్లు పడకుండా తను గుమ్మానికి అడ్డంగా, వాన వైపు వీపు పెట్టి కూర్చుంది. అంతలోనే వాన దిగింది. కింద వాగు హోరు మొదలైంది.

కాసేపటికి చింతామణి వచ్చింది. తడిసి ముద్దయింది. పిల్లలిద్దరూ పొట్టను కరుచుకుని ఉన్నారు. రెండు దొప్పలూ ఎలుగు మామ ముందు పెట్టింది.

"గది నిండిపోయిందమ్మా," అన్నాడు ఎలుగు మామ.

చింతామణి వాటిని సూదమ్మ దగ్గరికి జరిపింది. "తప్పు నాదే. ఇకమీదట ఏ సంతది ఆ సంతనాడే ఇస్తాను. పొద్దున వస్తావుగా?"

"ఇవి నా కష్టం. తీసుకుంటాను," అంది సూదమ్మ. "పనికి రాలేను. నేను ఇక్కణ్ణుంచి లేస్తే జల్లు నా బిడ్డ మీద పడుతుంది. వానలు వెలిసేదాకా కదలను."

ఆ వానాకాలమంతా చింతామణి ఇద్దరు పిల్లల్నీ పొట్టన వేసుకునే తిరిగింది. అంత బరువుతో ఎక్కితే చిటారు కొమ్మలు ఆగవు. కింది కొమ్మల్లో మిగిలిన పచ్చి కాయలే ఆ ముగ్గురికీ దిక్కయ్యాయి.

నీతి: మన పిల్లల్ని కాచేవారికి జీతం ఒప్పుకున్న రోజునే చేతికి ఇవ్వాలి. వేళ దాటాక ఎంత ఇచ్చినా వాళ్ల అవసరం తీరదు.