తూము కాపరి బొమ్మ

సుగుణ బొమ్మనైతే చేసింది గానీ, అది గురువుగారి పెట్టెలోకి వెళ్తుందో లేదో తెలియక రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

అనంతపురం సీమలో ఖండోజీ దగ్గర తోలుబొమ్మల పని నేర్చుకున్నవాళ్లు, చివర్లో తమకు నచ్చిన బొమ్మ ఒకటి సొంతంగా చెయ్యాలి. గురువు దాన్ని పెట్టెలో పెడితేనే తెర వెనక చోటు. ఆ పెట్టెలో వీరులు ఒకవైపు, రాక్షసులు ఇంకోవైపు, మధ్యలో చాప ముక్క. ఎటూ కానివాళ్లకు అందులో తావు లేదు.

సుగుణ చేసింది ఒక కంప్యూటర్ ఆటలోని తూము కాపరిని. చిన్నప్పుడు అన్నా తనూ ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడిన ఆట అది. వేసవి మధ్యాహ్నాలు, కిటికీకి కట్టిన తడి గోనెపట్టా వాసన, చెవి పక్కనే అన్న ఊపిరి. ఇప్పుడు అన్న లారీల మీద తిరుగుతూ ఎప్పుడో గానీ కనపడడు.

ఆ ఆటలో వరదొస్తుంది. చెరువు కట్ట తెగకుండా తూము తలుపు ఎత్తాలని కాపరి ఒక్కడే పరుగెత్తుతాడు. తలుపు కదలదు. కట్ట తెగి వాడూ పోతాడు, ఊరూ మునుగుతుంది. మొదటిసారి అది చూసి సుగుణ ఏడిస్తే, అన్న కంప్యూటర్ కట్టేశాడు.

తోటి శిష్యుడు ఎంకోజీ మాత్రం ఆ బొమ్మ కథ విని పడీపడీ నవ్వాడు. ఒక్క మేకపిల్లనైనా కాపాడలేదే, వీడు వీరుడైతే మా ఇంట్లో పిల్లీ వీరుడే అన్నాడు.

సుగుణ గురువునే అడిగింది.

"వీడు వీరుడు కాదా అయ్యా?"

ఖండోజీ తెర కట్టించి, దీపం పెట్టించి, ఆడించమన్నాడు. కాపరి పరుగెత్తాడు, తలుపు పట్టుకుని లాగాడు, నీళ్లలో కొట్టుకుపోయాడు.

"మళ్లీ ఆడించమ్మా," అన్నాడు ఖండోజీ. "ఈసారి తలుపు కదలదని వాడికి ముందే తెలుసు."

సుగుణ చెయ్యి ఆగిపోయింది. తెర మీద నీడ కట్ట ఎక్కి నిలబడింది. తూము వైపు చూసింది. ఊరి వైపు చూసింది. ఎంతసేపో అలాగే ఉంది.

తర్వాత పరుగెత్తింది, ఇందాకటి కంటే వేగంగా. ఎంకోజీ కాళ్లు వాడికి తెలియకుండానే ఆటకు దరువు వేసే చెక్కపలక మీద తాళం తొక్కాయి.

ఖండోజీ లేచి పెట్టె మూత ఎత్తాడు. ఒకరి మీద ఒకరు పడుకున్న వీరులను వేళ్లతో మెల్లగా పక్కకు జరిపాడు.

"కాస్త సర్దుకోండి నాయనా," అన్నాడు వాళ్లతో.