ఒళ్ళో వెల్లకిలా పడుకున్న కుందేలు

పూర్ణబోధులవారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో సందేహాలున్నవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

ఒకరోజు పొద్దున్నే బొబ్బిలి నుంచి లెక్కల మేష్టారు కూర్మారావు వచ్చి సాష్టాంగపడ్డాడు. అతని భార్య పోయి ఎనిమిది నెలలయింది. పదిహేడేళ్ళ కూతురు మాణిక్యాన్ని ఆశ్రమానికి అప్పగించి దీక్ష ఇప్పించాలని అతని సంకల్పం.

"తల్లి పోయిన రోజు కూడా కన్నీటి చుక్క రాల్చలేదు స్వామీ. పెట్టింది తింటుంది, చూపించిన చోట కూర్చుంటుంది, ఏదీ అడగదు. ఇరవై ఏళ్ళుగా ధ్యానం చేస్తున్న నాకు రాని నిశ్చలత్వం దానికెలా వచ్చింది? ఇది వైరాగ్యమే కదా?"

అడుగుతున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

"కుందేళ్ళ గూళ్ళు శుభ్రం చేయాలి, రా," అన్నారు గురువుగారు.

ఎవరో భక్తుడు తెచ్చి వదిలిన రెండు కుందేళ్ళు ఏడాది తిరిగేసరికి పద్నాలుగయ్యాయి. వాటి ఆలనాపాలనా ఆశ్రమంలో పనిచేసే ఎర్నమ్మది. ఊడవడానికి అడ్డుగా ఉందని ఒక తెల్ల కుందేలుని కూర్మారావు ఎత్తి, ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకున్నాడు. కాసేపు తన్నుకుని అది కదలకుండా ఉండిపోయింది. ఆశ్రమాల్లో కొన్నాళ్ళు తిరిగినవాడికి కదలనిదల్లా సమాధిలాగే కనబడుతుంది. మేష్టారు దాని పొట్ట నిమురుతూ మెల్లిగా ఓంకారం అందుకున్నాడు.

"చూశారా స్వామీ, ఎంత ప్రశాంతంగా ఉందో!"

ఎర్నమ్మ చేతిలోని గడ్డిమోపు పడేసి పరుగెత్తుకొచ్చింది. "బాబూ, దించీండి ముందు! అది నెమ్మది కాదు. బయానికి బిగుసుకుపోనాది. సచ్చినట్టు పడుంటే ఒగ్గేస్తారనుకుంటాది, పాపం. డొక్కమీద సెయ్యేసి సూడండి."

వేసి చూశాడు. వేళ్ళ కింద గుండె ఒకటే కొట్టుకోవడం. నెమ్మదిగా దాన్ని నేలమీదికి దించాడు. అది మూలకి పోయి, అతనివైపు వీపు తిప్పి, వెనక కాలితో నేలని దబ్బుమని తన్నింది. మళ్ళీ తన్నింది.

"నామీద కోపమొచ్చినట్టుంది," అన్నాడు చిన్నబుచ్చుకుని.

"రానీండి బాబూ. తన్నితే మంచిదే, పానం కుదటపడ్డాది. నెమ్మదంటే అదిగో, దాన్ని సూడండి," అని ఎర్నమ్మ ఇంకో గూటివైపు చూపించింది. అక్కడ బూడిదరంగు కుందేలొకటి, ఇంత గోలలోనూ చెవి నిక్కించకుండా, కాళ్ళు బారజాపి పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

కూర్మారావు పక్కన పెట్టిన చీపురు మళ్ళీ అందుకున్నాడు. ఈ ఎనిమిది నెలల్లో కూతురి చెయ్యి ఒక్కసారైనా పట్టుకున్నానా అని గుర్తు చేసుకోబోయాడు. ఒక్కసారీ గుర్తుకు రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. పై పంచెతో ముఖం తుడుచుకుని లేచాడు.

"ఇంటికెళ్తాను స్వామీ. మరి దీక్ష సంగతి..."

పూర్ణబోధులు అతని చేతిలోంచి చీపురు తీసుకున్నారు.

"అమ్మాయి నీమీద అరిచిన రోజున తీసుకురా," అన్నారు. "అప్పుడు తననే అడుగుదాం."