పట్టేసిన నట్టు

తెలివి పంచిపెట్టిన రోజున తవిటినాయుడి ఇంటివాళ్ళే వరసలో అందరికంటే ముందు నిలబడ్డారట. ఆ మాట వాళ్ళే చెప్పుకుంటారు. ఊరూ కాదనదు. వెళ్ళేటప్పుడు సంచి మరిచిపోయారేమోనని మాత్రం ఊళ్ళో చిన్న అనుమానం.

ఆ ఇంట్లో ముగ్గురే. తవిటినాయుడు, భార్య పోలమ్మ, తమ్ముడు గంగులు. ఊళ్ళో పాలన్నీ క్యాన్లకెత్తి గట్టు దిగువనున్న పాల కేంద్రానికి చేరవేసే చిన్న వ్యాను వాళ్ళది. రోజూ ముగ్గురూ కలిసే వెళ్తారు, ఇంటి తెలివి చెల్లాచెదురు కాకూడదని.

"రేపు పది దాటి ఒక్క నిమిషమైనా సరే, ఈ పని ఇంకో బండికి ఇచ్చేస్తాను" అన్నాడు కేంద్రం మేనేజరు. ఆ రాత్రి తవిటినాయుడికి అన్నం సయించలేదు.

ఇంకేముంది, మర్నాడు ఊరు దాటగానే, గట్టు దిగుడులో టైరు పంచరైంది. బండి జారకుండా చక్రాల కింద రాళ్ళు పెట్టారు. నాలుగు నట్లు చక్కగా ఊడాయి. అయిదోది కదల్లేదు. తవిటినాయుడు మెకానిక్ సత్తారుకి ఫోన్ చేశాడు.

"నట్టు పట్టేసింది నాయుడుగారూ" అన్నాడు సత్తారు.

"ఒరే గంగులూ, చెయ్యి తియ్యరా! అది పట్టేస్తోందట!"

గంగులు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. "నన్నింకా పట్టలేదన్నయ్యా. వదిన్ని చూసుకో."

"అయ్యో, అది కాదండీ! దానికి కాస్త నూనె పట్టించండి" అన్నాడు సత్తారు.

అంతే. పోలమ్మ ఇంటికి పరుగెత్తి నువ్వులనూనె తెచ్చింది. నట్టుకి మాడు చల్లబడేలా మర్దనా చేసింది. "నూనె పెట్టి తలంటకపోతే జలుబు చెయ్యదూ?" అని మళ్ళీ ఇంటికెళ్ళి తెచ్చిన కుంకుడుకాయ రసంతో శుభ్రంగా రుద్ది, చెంబెడు వేణ్ణీళ్ళు పోసింది. ఉన్న నూనె కాస్తా పోయింది. నట్టు తళతళలాడింది. ఊడలేదు.

తొమ్మిది దాటింది. తవిటినాయుడికి చెమటలు పట్టాయి. మళ్ళీ ఫోన్ చేశాడు.

"మొండి నట్టండీ అది. బలం చూపిస్తే విరిగిపోతుంది. మెల్లగా బుజ్జగించి తియ్యాలి."

అంతే. గంగులు ఒక బెల్లం ముక్క తెచ్చి నట్టుకి అంటించాడు. "మా నాయనవి కదూ, వచ్చెయ్యమ్మా" అన్నాడు. పోలమ్మ జోలపాట అందుకుంది.

"ఆపవే! నిద్దరపోతే ఇంకేం వస్తుంది?" అని కసిరాడు తవిటినాయుడు.

నట్టు రాలేదు. చీమలు వచ్చాయి.

"సత్తారూ, ఇప్పుడు నట్టుకి చీమలు కూడా పట్టేశాయి!"

సత్తారు ఒక్కో మాటా నొక్కి చెప్పాడు. "పానాకి పొడుగు ఇనుప గొట్టం తొడగండి. గొట్టం చివర బరువు పడాలి. అప్పుడు అదే ఊడుతుంది."

గొట్టం తొడిగారు. పోలమ్మ దాని మీద నిలబడబోతే గంగులు ఆపేశాడు. "వదినా, నిలబడితే ఎలాగ? బరువు పడాలన్నాడు." అని చెప్పి, వ్యాను మీదికెక్కి, క్యాన్ల పైనించి దబ్బున గొట్టం మీద పడ్డాడు. నట్టు ఊడింది. గంగులి పన్ను కూడా ఊడింది.

"రెండు ఊడాయి సత్తారూ!" అని తవిటినాయుడు గంతులేశాడు.

సత్తారు చెప్పినట్టే స్టెప్నీ బిగించారు. టైము తొమ్మిదిన్నర. "అయితే ఇంకేం, రాళ్ళు తీసేసి బండి పోనివ్వండి" అన్నాడు సత్తారు.

అంతే. రాళ్ళు తీసేశారు. ముగ్గురూ పక్కకి తప్పుకుని బండిని పోనిచ్చారు.

బండి పోయింది. దిగుడులో బాగా పోయింది.

"డ్రైవరు లేకపోయినా ఎంత ఒద్దికగా వెళ్తోందో!" అని పోలమ్మ మెటికలు విరిచింది. బండి అంతే ఒద్దికగా కింద గేదెలు పొర్లే మడుగులో దిగింది. క్యాన్ల మూతలన్నీ ఎగిరిపోయాయి, పాలన్నీ మడుగులో కలిశాయి. గేదెలు జరిగి చోటిచ్చాయి.

తవిటినాయుడు గుండె బాదుకున్నాడు. "అయిపోయింది, పనంతా ఇంకో బండికి పోయింది!"

"పాలెక్కడికి పోయాయన్నయ్యా? అందులోనే ఉన్నాయిగా" అన్నాడు గంగులు పన్నూడిన నోటితో.

తవిటినాయుడు తేరిపార చూశాడు. నిజమే. పైగా ఎనిమిది క్యాన్ల పాలు పోస్తే మడుగు నిండా అయ్యాయి!

ఇంకేముంది, ఎనిమిది క్యాన్లూ అంచుల దాకా ముంచి, మూతలు ఏరుకొచ్చి బిగించారు. అటుగా పోతున్న ట్రాక్టరు ఆపి ఎక్కించారు. పదికి అయిదు నిమిషాలుండగా కేంద్రం ముందు దించారు.

మేనేజరు గడియారం చూశాడు, తల ఊపాడు. మొదటి క్యాను మూత తీశాడు. లోపల వేలెడు చేపపిల్ల ఒకటి గుండ్రంగా తిరుగుతోంది.

"ఏమిటయ్యా ఇది?"

తవిటినాయుడు వంగి చూసి, చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు: "కోప్పడకండి సార్. పసిది, అదెంత తాగేసుంటుంది? మీకు తక్కువైతే చెప్పండి, మడుగు నిండా ఇంకా ఉన్నాయి."