రాజును ఎదిరించిన ద్రాక్షాసవం

ద్రాక్షతోటలు విరగకాసే ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతుండేవాడు. తాను దగ్గితే గాలి కూడా ఆగిపోతుందని ఆయనకు గట్టి నమ్మకం. కాదన్నవాళ్లకు గుండు గీయించి, గాడిదనెక్కించి ఊరేగించేవాడు.

కోటలో ద్రాక్షరసం పులియబెట్టి ఆసవం చేసే పని ఓబుళమ్మది. ఒకరోజు రాజు ఆమెను సభకు పిలిపించాడు.

"ఎల్లుండి నా పుట్టినరోజు. ఈ ఏటి ఆసవం సీసాలకెత్తు. విందులో పోయాలి."

ఓబుళమ్మ మనసులో లెక్క వేసుకుంది. ద్రాక్ష పిసికి పన్నెండు రోజులే అయింది. జాడీల్లో ఇంకా పొంగుతూనే ఉంది. ఇప్పుడు సీసాల్లో పోసి బిరడా బిగిస్తే సీసాలు పేలతాయి. తాగితే అతిథుల కడుపులు ఆగవు. కుదరదంటే తన జుట్టు దక్కదు.

"చిత్తం ప్రభూ. కానీ అది నా మాట వినడం లేదు. పొంగొద్దంటే పొంగుతోంది. ఏలినవారు ఒక్కసారి గద్దిస్తే..."

రాజు మీసం దువ్వాడు. ఒక జాడీ తెప్పించి, దాని మీదికి వంగి, "నోర్ముయ్!" అన్నాడు.

"బుడుక్," అంది జాడీ.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు ముఖం కందగడ్డయింది.

"నోర్ముయ్యమన్నానా!"

"బుడుక్, బుడుక్."

"నాకే ఎదురుచెబుతుందా! ఆ జాడీలన్నిటినీ చెరలో వేయండి!"

ఓబుళమ్మ చేతులు జోడించింది. "పసిది ప్రభూ, తెలియక వాగింది. ఒక్క నెలతో సరిపెట్టండి."

"ఏడాది! నేలమాళిగలో! ఎండ పొడ సోకకూడదు. ఎవరూ కదపకూడదు!"

"కనీసం దాని ఏడుపు ఆగేదాకా మూత వదులుగా ఉంచనివ్వండి. ఆ తర్వాత మడ్డి తీసేసి సీసాల్లో బంధిస్తాను."

"బంధించు! బిరడా మీద నా ముద్ర వేసి మరీ బంధించు!"

పుట్టినరోజు విందులో అందరూ పానకం తాగి ఇళ్లకు పోయారు.

ఏడాది గడిచింది. శిక్ష ముగిసిన ఖైదీని సభకు తెచ్చారు. సీసాలో కెంపులా తేటగా మెరుస్తోంది. రాజు ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకుని ఇంకో గుక్క తాగాడు.

"చెరలో పడితే దీనికి ఇంత బుద్ధొచ్చిందా!"

"దానికి కావలసిందే చల్లదనం, చీకటి, ఏడాది గడువు ప్రభూ. నేనడిగితే గుండు గీయించేవారు. అందుకే తమ నోటితోనే ఇప్పించాను."

రాజు ఆమెను గుర్రుగా చూశాడు.

"అయితే నన్నూ ఓ ఏడాది అక్కడ పెడితే బాగుపడతానంటావా?"

ఓబుళమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా తేరిపార చూసింది.

"ఇప్పుడే వద్దు ప్రభూ. పొంగు ఇంకా తగ్గలేదు."

రాజుకు ముందు పొలమారింది, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. ఆసవం మీసాల మీదుగా కారేలా నవ్వాడు. కొండవాలు ద్రాక్షతోటను అప్పటికప్పుడే ఓబుళమ్మకు ఇనాముగా ఇచ్చి, నేలమాళిగ తాళంచెవి కూడా ఆమె చేతిలోనే పెట్టాడు.