లచ్చవ్వ పాట అప్పజెప్పిన పెట్టె

సుదర్శనానికి ఆశ్రమంలో అన్నీ నచ్చాయి, ఒక్క పాఠం అప్పజెప్పడం తప్ప.

తత్వాలు నేర్పే ఈరయ్య గురువుగారి పద్ధతి అది. పొద్దున్నే శిష్యులు వరసగా కూర్చోవాలి. గురువుగారు వాళ్ళ పుస్తకం తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పేస్తారు. నిన్నటి తత్వం చూడకుండా పాడితేనే ఇవాళ కొత్తది చెబుతారు. సుదర్శనం పట్నంలో కంప్యూటర్ల పని చేసి వచ్చినవాడు. "అంతా రికార్డయి ఉంది గద గురువుగారూ, మళ్ళ నోటికెందుకు?" అని నెల రోజులుగా వరసలో కూర్చోవడం మానేశాడు.

ఆ నెలంతా అతను ఊరికే లేడు. ఓ పాత కంప్యూటర్ని సర్వర్‌గా మార్చి బీరువా పక్కన పెట్టాడు. ఆశ్రమంలోని మూడు కంప్యూటర్ల నుంచి దానికి వైర్లు లాగాడు. రోజుకోసారి అది తనంతట తనే మూడింటిలోని ఫోల్డర్లకు నకళ్ళు తీసి దాచుకుంటుంది. పని ముగిస్తే పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఒకరోజు సుదర్శనానికి కొత్త పని పడింది. మర్నాడు పక్క మండలంలో ఒక ముసలాయన పాటలు రికార్డు చేయడానికి వెళ్ళాలి. రికార్డర్ పాతది. దానికి పట్టే మెమరీ కార్డు ఒక్కటే ఉంది, బజారులో ఇప్పుడు దొరకదు. అదేమో లచ్చవ్వ పాటలతో నిండిపోయింది. నూట పన్నెండు తత్వాలు. వాటిని పాడిన లచ్చవ్వ నిరుడు పోయింది. ఆ బాణీలు ఇంకెవరికీ రావు.

"కార్డు తుడిచేస్త గురువుగారూ. పాటలన్నీ సర్వర్ల పదిలంగ ఉన్నయి."

"ఏదీ, ఒకటి ఇనిపియ్యి."

సుదర్శనం కంప్యూటర్ ముందు కూర్చుని సర్వర్ తెరిచాడు. నూట పన్నెండు పేర్లూ వరసగా కనిపించాయి. ఒకదాని మీద నొక్కాడు. లచ్చవ్వ గొంతు గదంతా మోగింది. చూశారా అన్నట్టు గురువుగారి వైపు తిరిగాడు.

గురువుగారు కంప్యూటర్‌కు తుడవడానికని పెట్టి ఉన్న కార్డును లాగి ఒళ్ళో పెట్టుకున్నారు. పైన తువ్వాలు కప్పారు.

"ఇప్పుడు నీ పెట్టెను అప్పజెప్పమను."

సుదర్శనానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే నొక్కాడు. ఫైల్ దొరకలేదని తెర మీద పడింది. ఇంకొకటి నొక్కాడు. అదీ అంతే. వరసగా పది నొక్కాడు. పేర్లున్నాయి, పాటల్లేవు.

అప్పుడు గుర్తొచ్చింది. ఫోల్డర్లు సర్దేటప్పుడు కంప్యూటర్లో చోటు చాలక పాటలను కార్డులోనే ఉంచేశాడు. వాటికి దారి చూపే గుర్తులు మాత్రం ఫోల్డర్లో పెట్టుకున్నాడు. సర్వర్ రోజూ ఆ గుర్తులనే దాచుకుంది. ఇందాక పాడింది సర్వర్ కాదు, కార్డే.

"ఇంకో గడియ ఆగితే నా చేత్తోటి నేనే..." సుదర్శనం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గురువుగారు తువ్వాలు తీసి కార్డు అతని చేతిలో పెట్టారు.

"పుస్తకం జూసుకుంట పాడితె ఎవ్వలికైనా వస్తది బిడ్డా," అన్నారు.

సాయంత్రానికి పాటలన్నీ నిజంగానే సర్వర్లోకి చేరాయి. సుదర్శనం తనే కార్డు తీసి గురువుగారి ఒళ్ళో పెట్టాడు. నూట పన్నెండు పేర్లనూ ఒక్కటొక్కటిగా నొక్కి చూశాడు. ఒక్కటీ తప్పకుండా లచ్చవ్వ పాడింది. గురువుగారు కార్డు తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు బస్సుకు పోయే ముందు సుదర్శనం వరసలో చివర కూర్చున్నాడు. వంతు రాగానే పుస్తకం ఇచ్చేసి, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. ఎంతసేపటికీ ముందుకు పోలేదు.

గురువుగారు పుస్తకం అతని చేతికిచ్చారు.

"రేపు," అన్నారు.